“ఇక్కడ చోటు లేదు”: పైన్ చెట్టుకు కట్టిన పొట్లం

మా క్యాబిన్ వెనుక ఉన్న లాడ్జ్‌పోల్ పైన్ చెట్ల మొదళ్ల మీద 2005 ఆగస్టులో తొలిసారి మొక్కజొన్న పేలాల వంటి ముద్దలు కనిపించినప్పుడు, ఎండకు చెట్టు బంక కారుస్తున్నదని అనుకుని ఊరుకున్నాను. కొలరాడోలో డెన్వర్ నుంచి బెర్తూడ్ కనుమ దాటి రెండు గంటలు ప్రయాణిస్తే గ్రాండ్ కౌంటీ వస్తుంది. అక్కడ సముద్రమట్టానికి సుమారు 2,600 మీటర్ల ఎత్తున మాకున్న అరెకరం స్థలంలో అప్పటికి 46 పెద్ద చెట్లు ఉండేవి. వాటిలో ఐదింటికి ఆ ముద్దలు వచ్చాయి. చెట్ల అడుగున సన్నని రంపపు పొట్టు కూడా రాలి ఉంది. చెట్ల ఆకులు మాత్రం ఎప్పటిలాగే పచ్చగా ఉన్నాయి కనుక నాకు అనుమానం రాలేదు. మరుసటి జూన్‌లో ఆ ఐదు చెట్లూ ఒకేసారి ఇటుక రంగుకు తిరిగిన తరువాతే, అవి నిరుటి ఆగస్టులోనే చనిపోయాయని, వాటి బెరడు కింద పెరిగిన కొత్త తరం కొద్ది వారాల్లో బయటికి ఎగరబోతున్నదని తెలిసింది.

ఆ పురుగు పేరు మౌంటెన్ పైన్ బీటిల్. బియ్యపు గింజంత ఉండే నల్లని పెంకు పురుగు. దాని శాస్త్రీయ నామంలోని మొదటి మాట, డెండ్రోక్టోనస్, గ్రీకులో “చెట్టును చంపేది” అని అర్థమిస్తుంది. వేసవి నడుమ ఆడ పురుగు ముందుగా వచ్చి బెరడును తొలిచి, లోపలి మెత్తని పొరలో నిలువుగా సొరంగం చేసుకుంటూ గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు ఆ సొరంగానికి ఇరువైపులా అడ్డంగా తింటూ పోతాయి. పురుగుల నోటి దగ్గరి చిన్న సంచుల్లో వచ్చిన నీలి శిలీంధ్రం కలపలోకి పాకి నీరు పైకి ఎక్కకుండా చేస్తుంది. అయితే ఆరోగ్యంగా ఉన్న చెట్టును ఒక పురుగో పది పురుగులో చంపలేవు. చెట్టు బంకను ఒత్తిడితో వదిలి, తొలిచినదాన్ని తొలిచినట్టే ముంచేస్తుంది. నేను చూసిన పేలాల ముద్దలు ఆ పోరాటపు గుర్తులే. చెట్టు దగ్గరి బంక అయిపోయేలోపు వందల పురుగులు రెండు మూడు రోజుల్లో ఒకేచోట దిగితేనే పురుగు గెలుస్తుంది. కాబట్టి ఈ పురుగు బతుకంతా ఒక పిలుపు మీద, సరైన సమయానికి ఆ పిలుపును ఆపడం మీద ఆధారపడి ఉంది.

పిలుపు తయారయ్యే తీరు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. పైన్ బంకలో ఆల్ఫా-పైనీన్ అనే ఘాటైన పదార్థం ఉంటుంది. పురుగుకు అది విషం; చెట్టుకు అది ఆయుధం. (మన ఇళ్లలో హారతికి వెలిగించే కర్పూరంలో చాలా భాగాన్ని నేడు కర్పూర వృక్షం నుంచి తీయడం లేదు; టర్పెంటైన్‌లోని ఈ ఆల్ఫా-పైనీన్ నుంచే కర్మాగారాల్లో చేస్తున్నారు. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి ఆ చెట్ల మధ్య నడిచినప్పుడల్లా నాకు గుడి గుర్తుకు వస్తుంది.) తొలి ఆడ పురుగు ఆ విషాన్ని తన ఒంట్లో ట్రాన్స్-వెర్బెనాల్‌గా మార్చి బయటికి వదులుతుంది. చుట్టుపక్కల ఎగిరే పురుగులకు ఆ వాసన “రండి, ఇక్కడ తొలవవచ్చు” అన్న పిలుపు. వచ్చిన మగ పురుగులు ఎక్సో-బ్రెవికోమిన్ అనే మరో వాసనను జోడిస్తాయి. చెట్టు తనను కాపాడుకోవడానికి ఎంత బంక వదిలితే పిలుపుకు అంత ముడిసరుకు దొరుకుతుందన్నమాట.

అయితే పిలుపు ఆగకపోతే పురుగుకే నష్టం. చదరపు మీటరు బెరడుకు సుమారు 60 ఆడ పురుగులు దిగితే చెట్టు చస్తుంది, పిల్లలకు తిండి కూడా సరిపోతుంది. అంతకు బాగా మించితే పిల్లలు ఒకదాని తిండిని ఒకటి తిని అన్నీ బక్కచిక్కుతాయి. అందుకే చెట్టు నిండుతున్నకొద్దీ మరో వాసన పెరుగుతుంది. దాని పేరు వెర్బెనోన్. పురుగులతో వచ్చిన ఈస్టుల వంటి సూక్ష్మజీవులు సొరంగాల్లో వెర్బెనాల్‌ను వెర్బెనోన్‌గా మారుస్తాయి. ఆల్ఫా-పైనీన్ గాలి సోకి మారినా కొంత వస్తుంది. ఎగిరి వస్తున్న పురుగుకు దాని అర్థం “ఇక్కడ చోటు లేదు, పక్క చెట్టు చూసుకో” అని. రోజ్‌మెరీ నూనెలో కూడా ఈ పదార్థం ఉంటుంది. తరువాత నేను చెట్లకు కట్టిన వెర్బెనోన్ పొట్లం విప్పి వాసన చూస్తే నాకు కర్పూరం, పుదీనా కలిపి నలిపినట్టు అనిపించింది.

ఈ వాసనల భాషను మనుషులు చదవడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. బెరడు పురుగుల ఫెరోమోన్‌ను, అంటే అవి తమ జాతిని పిలిచే వాసనను, తొలిసారి గుర్తించినది 1966లో, కాలిఫోర్నియాలో. రాబర్ట్ సిల్వర్‌స్టీన్ అనే రసాయన శాస్త్రవేత్త, డేవిడ్ వుడ్ అనే కీటక శాస్త్రవేత్త, వారి సహచరులు కలిసి, పాండరోసా పైన్ దుంగల్లో ఇప్స్ జాతి మగ పురుగులు తొలిచిన పొట్టును కిలోల కొద్దీ పోగుచేసి, అందులోంచి ఇప్సినాల్, ఇప్స్‌డైఇనాల్, సిస్-వెర్బెనాల్ అనే మూడు పదార్థాలను వేరుచేశారు. విడివిడిగా పెట్టినప్పుడు పురుగులు వాటిని పెద్దగా పట్టించుకోలేదు; కలిపి పెట్టినప్పుడు వచ్చాయి. కొన్నేళ్లలోనే బ్రెవికోమిన్, ఫ్రంటాలిన్ కూడా తెలిశాయి. రెండూ తాము దొరికిన పురుగుల జాతుల పేర్లనే పెట్టుకున్నాయి.

ఇదంతా నేను తరువాత చదువుకున్నది. 2006 వేసవిలో నాకు తెలిసినది ఒక్కటే: ఈ పురుగును పిలిచే ఎర అమ్ముతున్నారని. కోనసీమలో కొబ్బరి తోట చూసుకునే మా బావమరిదికి ఫోనులో ఈ సంగతి చెప్పినప్పుడు, “మరి బుట్టలు కట్టలేదా బావగారూ? ఎర్ర ముక్కు పురుగుకి మా తోటలో కడుతున్నాం కదా, పొద్దున చూస్తే బకెట్టులో పడి ఉంటాయి” అన్నాడు. నాకు అది సబబుగానే తోచింది. పత్తి చేలలో గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు కట్టడం చూసి పెరిగినవాణ్ని కదా. ఒకదాని కింద ఒకటి వేలాడే నల్లని గరాటుల బుట్టను, ఎరను తెప్పించి, ఇంటికి దూరంగా ఉంటుందని స్థలం చివర కంచె పక్కన కట్టాను.

చెట్టు మానును పోలిన ఆ గరాటుల బుట్టను స్టాఫన్ లిండ్‌గ్రెన్ కెనడాలో రూపొందించి 1983లో ప్రకటించారు. ఎగిరి వచ్చిన పురుగు గరాటుకు తగిలి, జారి, అడుగున ఉన్న గిన్నెలో పడుతుంది. బుట్ట తన పని తాను బ్రహ్మాండంగా చేసింది. వారాంతంలో వెళ్లి చూసినప్పుడల్లా గిన్నెలో వందల పురుగులు ఉండేవి. నేను వాటిని లెక్కపెట్టి సంబరపడుతూ ఉండగా, కంచె చుట్టూ ఉన్న చెట్లకు పేలాల ముద్దలు వచ్చాయి. ఆ సంవత్సరం పోయిన తొమ్మిది చెట్లలో ఆరు, బుట్టకు 20 మీటర్ల లోపున ఉన్నవే.

పత్తి బుట్టకూ దీనికీ ఉన్న తేడా నాకు అప్పుడు గాని తలకెక్కలేదు. గులాబీ రంగు పురుగు బుట్టలోని ఎర ఆడ రెక్కల పురుగు వాసన. దానికి మగవి మాత్రమే వస్తాయి. వచ్చిన మగ పురుగు బుట్టలో పడకపోయినా పక్కనున్న పత్తి మొక్కకు అది అదనంగా చేసే చెడుపు ఏమీ లేదు. బెరడు పురుగు ఎర పెళ్లి పిలుపు ఒక్కటే కాదు, భోజనాల పిలుపు కూడా. ఆడా మగా రెండూ వస్తాయి, ఆకలితో వస్తాయి, బుట్ట దాకా రాకముందే దారిలో కనిపించిన లావుపాటి చెట్టు మీద దిగుతాయి. ఆ చెట్టులో పది ఆడ పురుగులు తొలవడం మొదలుపెట్టాయంటే ఆ చెట్టు పిలుపు ముందు నేను కట్టిన చిన్న ఎర ఏ మూలకూ చాలదు. ఈ కథ విన్న తరువాత మా బావమరిది తీరిగ్గా, “మేమూ లేత చెట్ల దగ్గర కట్టం బావగారూ, చెప్పానుగా” అన్నాడు. చెప్పలేదు. ముక్కు పురుగు ఎర కూడా ఆడ మగ రెండింటినీ పిలిచేదే కనుక అక్కడా ఇదే జాగ్రత్త అవసరమని మాత్రం నిజం.

ఎరకు చోటు లేదని కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల్లో ఎరను వాడిన తీరు నాది కాని తెలివితో కూడుకున్నది. కొద్దిపాటి తెగులు కనిపించిన చోట, ఎలాగూ నరకాలనుకున్న చెట్లకే ట్రాన్స్-వెర్బెనాల్, ఎక్సో-బ్రెవికోమిన్, మిర్సీన్ కలిపిన ఎరలు కట్టి, చుట్టుపక్కల పురుగునంతా వాటిలోకి రప్పించి, శీతాకాలంలో, అంటే కొత్త తరం ఎగరక ముందే, ఆ చెట్లను కొట్టి మిల్లుకు తరలించేవారు. ఎర కట్టినవాడి చేతిలో రంపం కూడా ఉంటేనే ఆ పద్ధతికి అర్థం. అంత చేసినా 1990ల చివర మొదలైన ఉప్పెన ఆగలేదు. ఆ ఒక్క రాష్ట్రంలోనే సుమారు 1.8 కోట్ల హెక్టార్లకు అది పాకింది. పిల్ల పురుగును చంపగలిగే మైనస్ 40 డిగ్రీల చలి వరుసగా కొన్ని శీతాకాలాలు రాకపోవడం, ఒకే వయసు ముదురు చెట్లు మైళ్ల కొద్దీ నిలిచి ఉండడం అందుకు ముఖ్య కారణాలు. కేవలం బుట్టలతోనే పట్టేద్దామని పెద్ద ఎత్తున ప్రయత్నించినది నార్వే. అక్కడ స్ప్రూస్ చెట్ల పురుగు మీదికి 1979లో సుమారు ఆరు లక్షల బుట్టలు పెట్టి వందల కోట్ల పురుగులను పట్టారు. తెగులు తగ్గిన మాట నిజమే గాని, తగ్గించినది బుట్టలా, ప్రకృతా అన్న వాదన తెగలేదు.

2007లో నేను రెండో వైపుకు తిరిగాను. మిగిలిన 32 చెట్లకు, చెట్టుకు రెండు చొప్పున వెర్బెనోన్ పొట్లాలు కట్టాను. అరచేతిలో సగం ఉండే ప్లాస్టిక్ పొట్లం. లోపలి పదార్థం పొర గుండా నెమ్మదిగా ఆవిరై గాలిలో కలుస్తుంది. పురుగు ఎగరడం మొదలుపెట్టే జూలైకి ముందే, జూన్‌లో, మనిషి చేయి ఎత్తితే అందేంత ఎత్తున, మానుకు ఉత్తరం వైపున మేకుతో గాని స్టేపుల్‌తో గాని బిగించాలి. ఉత్తరం వైపే ఎందుకంటే ఎండ తగిలితే పొట్లం వారాల ముందే ఖాళీ అవుతుంది. పైగా అతినీలలోహిత కిరణాలు వెర్బెనోన్‌ను క్రిసాంథినోన్ అనే వేరే పదార్థంగా మార్చేస్తాయి, దాన్ని పురుగు లెక్కచేయదు. అన్నీ చెప్పినట్టే చేశాను. ఆ సంవత్సరం 17 చెట్లు పోయాయి.

పొట్లం పనికిరాదని అప్పుడు కోపంగా అందరితో అన్నాను. ఇప్పుడు ఆ మాట అనను, ఎందుకంటే ఆ వేసవిలో మా లోయ ఎలా ఉందో గుర్తుంది. ఎదుటి కొండంతా ఎర్రగా ఉంది. మా పక్క స్థలంలో తెగులు సోకిన చెట్లు పదుల సంఖ్యలో కొట్టకుండా నిలిచి ఉన్నాయి. నేను కొట్టించిన చెట్లలోనూ మూడింటిని బెరడు తీయకుండా కట్టెలుగా పేర్చి ఉంచాను. ఆ కట్టెల్లోంచి కూడా పురుగు ఎగిరి ఉంటుంది. వెర్బెనోన్ పురుగును చంపదు. పురుగుకు వేరే చెట్టు దొరికే అవకాశం ఉన్నప్పుడే “ఇక్కడ చోటు లేదు” అన్న మాటకు విలువ ఉంటుంది. లోయలో పచ్చని చెట్టే అరుదైపోయిన నాడు, కొన్ని రోజులే బతికే రెక్కల కాలంలో ఉన్న పురుగు ఆ మాటను పెడచెవిన పెడుతుంది. పరిశోధనలు చెప్పేదీ ఇంచుమించు ఇదే: తెగులు కొద్దిగానో మధ్యస్థంగానో ఉన్నప్పుడు లాడ్జ్‌పోల్ పైన్‌లో వెర్బెనోన్ నష్టాన్ని బాగా తగ్గిస్తుంది, పురుగు ఒత్తిడి పెరిగినకొద్దీ దాని పట్టు జారిపోతుంది. పాండరోసా పైన్ మీద ఫలితాలు అంత నిలకడగా లేవు. నమ్మకంగా కాపాడాలంటే పురుగు రాకముందే మానును పైదాకా తడిపే కార్బరిల్ పిచికారీ దానికంటే గట్టిది. కాని వాగు పక్కన ఉన్న మా స్థలంలో ఆ మందు కొట్టించడానికి నాకు మనసొప్పలేదు.

వికర్షకం, అంటే పురుగును దూరంగా నెట్టే వాసన, అంటే ఇంతేనా అని నిరుత్సాహపడేవారికి డగ్లస్-ఫర్ సంగతి చెప్పాలి. అది పైన్ కాదు, దాని పురుగు కూడా వేరు, కాని అదే డెండ్రోక్టోనస్ ప్రజాతిది. దాన్ని దూరంగా ఉంచే ఎంసీహెచ్ అనే పదార్థం వెర్బెనోన్ కంటే ఎంతో నమ్మకంగా పనిచేస్తుంది. ఆ పురుగు గాలికి పడిపోయిన చెట్లను ఎక్కువగా కోరుకుంటుంది కాబట్టి నిలబడి ఉన్న చెట్టును వదులుకోవడానికి సులభంగానే ఒప్పుకుంటుందేమోనని నా ఊహ.

పైన్ పురుగును మరింత గట్టిగా ఒప్పించడానికి రెండు మాటలనూ కలిపి వాడి చూశారు. కాపాడవలసిన చెట్ల నడుమ వెర్బెనోన్, దూరంగా నరకబోయే చెట్లకు ఎర; ఒకవైపు నెట్టడం, మరోవైపు లాగడం. గరాటుల బుట్ట చేసిన లిండ్‌గ్రెన్, బోర్డెన్ అనే మరో పరిశోధకుడు లాడ్జ్‌పోల్ అడవిలో చేసి 1993లో ప్రకటించిన ప్రయోగంలో పురుగులు ఎర ఉన్నవైపుకు మళ్లాయి. అరెకరం ఉన్నవాడికి ఆ పద్ధతి అందదు. నేను లాగిన పురుగు పొరుగువాడి చెట్లలోనే కదా దిగుతుంది. పొట్లాలకు బదులు మైనపు ముద్దలో వెర్బెనోన్ కలిపిన స్ప్లాట్ వెర్బ్ అనేది కూడా వచ్చింది. మాను మీద తుపాకీ వంటి గొట్టంతో చుక్కలుగా అద్దితే కాలక్రమంలో తనంతట తానే శిథిలమవుతుంది, ఏరవలసిన ప్లాస్టిక్ ఉండదు. రోడ్డు లేని కొండ శిఖరాల మీద ఇది చాలా పెద్ద సౌకర్యం. వైట్‌బార్క్ పైన్ అనే చెట్టు అలాంటి శిఖరాల మీదే పెరుగుతుంది, వందల ఏళ్లు బతుకుతుంది. 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం దాన్ని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. ఆరెగన్‌లోని క్రేటర్ లేక్ జాతీయ ఉద్యానవనంలో ఆ చెట్లకు వెర్బెనోన్ పొట్లాలు కడుతున్నారు. ఇతర తెగుళ్లను తట్టుకుని విత్తనం ఇస్తున్న ఒక్కొక్క చెట్టు లెక్కలోకి వచ్చే చోట, ఖర్చూ శ్రమా రెండూ సమర్థనీయమే.

అట్లాంటా, షార్లెట్ వైపు స్థిరపడిన మన మిత్రులు తమ పెరట్లోని లాబ్లాలీ పైన్ గురించి అడుగుతుంటారు. అక్కడి శత్రువు సదరన్ పైన్ బీటిల్. ఇది ఇటీవల ఉత్తరానికి కూడా జరిగి, 2014లో న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో బయటపడింది. దక్షిణాది రాష్ట్రాల అటవీ శాఖలు వసంతంలో డాగ్‌వుడ్ పూలు విచ్చే వేళకు ఫ్రంటాలిన్‌కు పైన్ చెట్టు వాసనలు జోడించిన ఎరలతో గరాటు బుట్టలు కడతాయి. వాటి ఉద్దేశం పురుగును నిర్మూలించడం కాదు, లెక్కపెట్టడం. ఆ పురుగును తినే గళ్ల పెంకు పురుగు కూడా ఆ వాసనకే వేటకు వస్తుంది. బుట్టలో పడిన శత్రువులెన్ని, వేటగాళ్లెన్ని అన్న లెక్కను బట్టి ఆ ఏడాది తెగులు పెరుగుతుందా తగ్గుతుందా అన్నది అంచనా వేస్తారు. ఈ పురుగు విషయంలోనే ఒక తమాషా జరిగింది. ఎండో-బ్రెవికోమిన్ దీన్ని దూరం కొడుతుందని ఒకప్పుడు అనుకున్నారు. బుట్టలో కాకుండా దానికి కొన్ని మీటర్ల దూరంలో పెడితే అదే పదార్థం బుట్టకు వచ్చే పురుగుల సంఖ్యను ఎన్నో రెట్లు పెంచుతుందని తరువాత తేలింది. ఒకే మాట, పలికిన చోటును బట్టి, పొమ్మన్నట్టూ రమ్మన్నట్టూ వినిపించిందన్నమాట. బుట్టను తీసుకుపోయి కంచె పక్కన కట్టిన నాకు ఇది చదివాక కొంత ఓదార్పు కలిగింది.

మా స్థలంలో ఇప్పటికి ఆ పాత పెద్ద చెట్లలో 15 మిగిలి ఉన్నాయి. వాటిని పొట్లాలు కాపాడాయని చెప్పుకోలేను; లోయలో తినదగిన లావు చెట్లు అయిపోయి పురుగే తగ్గిపోయింది. చేతి మణికట్టంత లావున్న పిల్ల చెట్లను అది ముట్టలేదు, అవి ఇప్పుడు నా తల దాటాయి. తెగులు చెదురుమదురుగా ఉన్న ఈ సంవత్సరాల్లోనే పొట్లం బాగా పనిచేస్తుందన్న నమ్మకంతో ఏటా జూన్ మొదటి వారంలో ఆ 15 చెట్లకూ కడుతున్నాను. ముద్దలు కనిపించిన చెట్టును వచ్చే జూన్ దాకా ఉంచకుండా కొట్టించి, బెరడు ఒలిపించి, ఆ తరువాతే కట్టెలుగా పేరుస్తున్నాను.

ఒక్కో పొట్లంలో ఏడు గ్రాముల వెర్బెనోన్ ఉంటుంది. కట్టే ముందు ప్రతిదాన్నీ వంటింటి త్రాసు మీద తూచి, బరువును పొట్లం మీదే రాసి పెడతాను. సెప్టెంబరులో విప్పినప్పుడు మళ్లీ తూస్తాను. కిందటేడు దారి పక్కన, నీడ లేని మూడు చెట్లకు కట్టినవి ఆగస్టు మొదట్లోనే పూర్తిగా ఖాళీ అయ్యాయి. ఇంటి వెనుక నీడలో ఉన్నవాటిలో రెండేసి గ్రాములు మిగిలాయి. ఈసారి ఆ మూడు చెట్లకు జూలై చివర కొత్త పొట్లాలు మార్చాలని క్యాలెండరులో రాసుకున్నాను. త్రాసుకు పట్టిన కర్పూరపు వాసన పోవడం లేదని, వేరే త్రాసు కొనుక్కోమని ఇంట్లో చెప్పారు, అదీ రాసుకున్నాను.